ఉప్పుగాలికి ఎదురుగా

సముద్రపుటొడ్డున హోటలు అనగానే మనకు స్ఫురించేది తెల్లని గోడ, నీలి కెరటము, నడుమ ఒక పడకకుర్చీ. ప్రకటనలలో ఈ మూడింటినీ చూపి, 'ఇటీవల నవీకరింపబడినది' అని కింద ఒక ముక్క చేర్చుతారు. ఆ ఒక్క ముక్కలో ఎంత పని ఇమిడి ఉన్నదో, అది ఎవరి చేతి పనియో ప్రకటన చెప్పదు. గోడకు రంగు పూయడం వేరు, గోడను బ్రతికించడం వేరు.

ఈ భేదం కంటికి కనబడే చోట్లలో తరంగంబాడి ఒకటి. తమిళనాట కారైక్కాలుకు ఉత్తరంగా కొద్ది మైళ్ళ దూరాన, తూర్పు తీరాన ఉన్న చిన్న ఊరు. తెలుగువారికి మరీ పరాయిది కాదు. 1620లో తంజావూరు నేలిన రఘునాథ నాయకుడు, తెలుగులో కావ్యరచన చేసిన ఆ రాజే, ఇక్కడ కోట కట్టుకొనడానికి డేనులకు అనుమతి ఇచ్చినాడు. డాన్స్‌బోర్గు అనే ఆ కోట నేటికీ అలలకు ఎదురుగా నిలిచి ఉన్నది. 1719లో బెంజమిన్ షుల్జ్ అనే జర్మను మతబోధకుడు ఇక్కడనే ఓడ దిగినాడు. తరువాత మద్రాసు చేరి తెలుగు నేర్చి, 1746-47లలో జర్మనీలోని హాలే నగరంలో తెలుగు పుస్తకాలను అచ్చువేయించినాడు. మన అక్షరాలు అచ్చుకెక్కిన కథలో తొలి అడుగు ఈ ఇసుకమీద పడినదని బడిపిల్లలకు చెప్పదగును.

1845లో డేనులు ఊరిని ఆంగ్లేయులకు అమ్మివేసినారు. వర్తకం తరలిపోయినది, బంగళాలు పాడుపడినవి. 2004 డిసెంబరు 26 నాటి ఉప్పెనలో జాలరిపేటలు తుడిచిపెట్టుకొని పోయినవి. ఈ శతాబ్ది తొలి ఏండ్లనుండి డెన్మార్కు జాతీయ మ్యూజియమూ, ఇంటాక్ సంస్థా పాత కట్టడాల మరమ్మతుకు పూనుకొన్నవి. కొన్ని ఇళ్ళు యాత్రికుల విడిదులైనవి. అటువంటి ఒక బంగళాలో, మరమ్మతులు ఇంచుమించు ముగిసిన దశలో, రెండు రాత్రులు గడిపినాను.

గది సౌఖ్యాలను గూర్చి చెప్పవలసినది స్వల్పమే. ఎత్తైన కప్పు, టేకు దూలాలు, వెడల్పైన వరండా, మంచి కాఫీ. నన్ను ఆకట్టుకొన్నది గోడ. మిట్టమధ్యాహ్నం అరచేయి ఆనించితే చల్లగా, నున్నగా, కోడిగ్రుడ్డు పెంకువలె ఉన్నది.

వెనుకవైపు గోడకు ఇంకా పని జరుగుతున్నది. ముసలి మేస్త్రీ ఒకడు గచ్చు పూస్తున్నాడు. పక్కన పాత సిమెంటు పెళ్ళలు కుప్పగా పడి ఉన్నవి. "నిక్షేపంలా ఉన్న సిమెంటును ఊడబెరికినారేమయ్యా?" అని నాకు వచ్చిన తమిళంలో అడిగినాను. "సిమెంటు పూస్తే గోడ లోలోపల ఏడుస్తుంది సారూ, సున్నం పూస్తే బయటికి ఏడుస్తుంది" అన్నాడు.

ఆ మాటలో రసాయన శాస్త్రమంతా ఉన్నది. సముద్రపుగాలి ఉప్పును మోసుకొని వచ్చి గోడపై చల్లుతుంది. నేలలోని ఉప్పునీరు ఇటుకల గుండా పైకి ప్రాకుతుంది. నీరు ఆరినప్పుడు ఉప్పు స్ఫటికాలై పెరిగి, ఇటుక రంధ్రాలను చీల్చుతుంది. సున్నపు పూతకు సన్నని రంధ్రాలుంటవి. తడి వాటిగుండా వెలుపలికి పోతుంది. రాలితే పైపూత రాలుతుంది, ఇటుక మిగులుతుంది. గట్టి సిమెంటు పూత ఆ దారిని మూసివేస్తుంది. చూపునకు గోడ భద్రంగానే ఉంటుంది, వెనుక ఇటుక పిండి అవుతుంటుంది. కాంక్రీటులోని ఇనుపకమ్మీల గతి మరొకటి. ఉప్పు సోకి తుప్పు పట్టిన ఇనుము రెండింతలకు పైగా ఉబ్బి, కాంక్రీటును పగులగొట్టుకొని బయటపడుతుంది. తీరంవెంట ముప్పై ఏండ్లైనా నిండని మేడలకు కమ్మీలు కనబడడానికి కారణమిదే.

మరి ఆ సున్నమేది? సముద్రపు గుల్లలను బట్టీలో కాల్చి, నీటిలో విరియజేసి, ఇసుకతో కలిపి గానుగలో నూరుతారు. కరక్కాయలనూ బెల్లాన్నీ నానవేసిన నీటిని అందులో కలుపుతారు. పైపూతకు కోడిగ్రుడ్డు సొన చేర్చి, నున్నని రాతితో మెరుగుపెట్టడమూ ఉన్నది. గోడ కెక్కిన సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని మెల్లగా గట్టిపడుతుంది. అనగా మళ్ళీ గుల్లలోని పదార్థమే అవుతుంది. విద్యార్థులు సమీకరణంగా వల్లించే పాఠమే ఇది. అయితే సున్నపు ఇల్లు తనంతట తానే చిరంజీవి అనుకొనరాదు. ఏటేటా వెల్లవేసే చేయి లేక కూలిన బంగళాలు ఆ ఊరిలోనే చూచినాను.

బంగళాకు కూతవేటు దూరాన మాసిలామణినాథుని ఆలయమున్నది. పాండ్యుల కాలంలో, 1306 ప్రాంతాన కట్టినది. దాని ముందుభాగాన్ని సముద్రం ఎన్నడో మింగివేసినది. మిగిలినదానికి బండరాళ్ళు అడ్డుపెట్టినారు. తీరంవెంట ఇసుక నిత్యమూ కదులుతూ ఉంటుంది. ఒకచోట దానిని అడ్డగించితే మరొకచోట ఒడ్డు కోసుకొనిపోతుంది. కాకినాడవద్ద ఉప్పాడవారికి ఒడ్డు కోత ఎట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు. 1991లో తీరప్రాంత నియంత్రణ నిబంధనలు వచ్చినవి; 2011, 2019లలో మారినవి. నీటికి ఇంత చేరువలో కొత్త ఇల్లు లేపడం నేడు సులభం కాదు. అందుచేత పాత బంగళాల వెల పెరిగినది. వాటిని నిలబెట్టగల మేస్త్రీల సంఖ్య మాత్రం తరుగుతున్నది.

ముసలాయన కొడుకులిద్దరూ సింగపూరులో సిమెంటు పనిలో ఉన్నారట. అక్కడ జీతం ఎక్కువ, నిందించడానికి లేదు. ఈ గోడకు మూడవ పూత పడి మెరుగు పెట్టేసరికి ఇంకా రెండు వారాలు పడుతుందన్నాడు. యజమాని వారం లోపల ముగించమంటున్నాడట. జాలరి కుర్రవాడొకడు కరక్కాయ నీళ్ళు అందిస్తున్నాడు. మధ్యాహ్నం మేస్త్రీ భోజనానికి లేచినప్పుడు, వాడు తాపీ అందుకొని గోడ అంచున జానెడు మేర తానే పూసి చూచుకొన్నాడు.