ఆరు తర్వాత ఏడు... ఎందుకేడవాలి?

"ఆరు తర్వాత ఎంత?"

"ఏడు."

"ఎందుకేడవాలి?"

తెలుగు బడిలో చదువుకున్న వాళ్లలో ఈ జోకుకు ఒక్కసారైనా బలికాని వాళ్లు తక్కువ. మనకిది మరీ పాత జోకు. కానీ చెన్నైలో పుట్టిన ఫ్రెండ్‌కి తమిళంలో చెప్పి చూడండి, పేలదు. బెంగళూరు రూమ్మేట్‌కి కన్నడలో చెప్పండి, అక్కడా పేలదు. మూడూ దగ్గరి చుట్టాల్లాంటి భాషలే. మరి మన ఏడు మాత్రమే ఎందుకు ఏడుస్తోంది?

చెన్నైని కోల్‌కతాతో కలిపే 16వ నంబరు జాతీయ రహదారి చిల్లకూరు మీదుగానే వెళ్తుంది. ఆ రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర కాసేపు నిలబడితే ఒకే అంకె రకరకాలుగా వినిపించొచ్చు. తమిళ లారీ డ్రైవర్ నోట ఒక 'ఏళు', కన్నడ క్లీనర్ నోట ఇంకో 'ఏళు', ఉత్తరాది నుంచి వచ్చినాయన నోట 'సాత్'. టీ కొట్టు అన్న మాత్రం 'ఏడు' అంటాడు. ఈ చిన్న మాట వెనక చాలా పెద్ద కథే ఉంది.

ఒక మాట, మూడు పనులు

చిల్లకూరు వైపు మాటల్నే తీసుకోండి. "ఈ ఏడు వానలు ఎట్టుండాయి?" అంటే అక్కడ ఏడు అంటే సంవత్సరం. "ఏడు బస్తాలు లోడెత్తాం" అంటే అంకె. "నీ ఏడుపేదో నువ్వు ఏడు, నన్నడగబాక" అంటే కన్నీళ్ల సంగతి.

మూడింటికీ ఒకే స్పెల్లింగ్, ఒకే ఉచ్చారణ. అయినా మనం ఎప్పుడూ తికమకపడం. ఎందుకంటే పక్కన ఉన్న మాటలే అర్థం చెప్పేస్తాయి. ముందు 'ఈ', 'పోయిన', 'వచ్చే' ఉంటే సంవత్సరం. వెనక 'ఎకరాలు', 'వేలు', 'గంటలు' ఉంటే అంకె. పైగా విభక్తి తగిలితే మాటలే విడిపోతాయి. గంట చెప్పాలంటే 'ఏడింటికి'. సంవత్సరానికైతే 'ఏటికి', 'ఏటా'. మనుషుల్ని లెక్కపెడితే 'ఏడుగురు'.

అసలు ఈ మూడూ పుట్టుకతో ఒక్కటి కావు. సంవత్సరం అనే ఏడును పాత పుస్తకాల్లో అరసున్నతో 'ఏఁడు' అని రాసేవాళ్లు. అంకెకు ఆ అరసున్న లేదు. దానికి సాక్ష్యం ఇప్పటికీ మన నోట్లోనే ఉంది. తెలంగాణలో 'పదేండ్లు' అంటారు కదా, ఆ మధ్యలో ఉన్న సున్న పాత మాటదే. తమిళంలో సంవత్సరాన్ని 'ఆండు' అంటారు, ఇంకా పాత రూపం 'యాండు'. మన ఏండు, ఏఁడు, ఏడు ఆ వరసలోనివే. అచ్చులో అరసున్న పోవడంతో కాగితం మీద కూడా రెండూ ఒకటైపోయాయి.

పోయిన అక్షరం ఒకటుంది

ఇక అంకె ఏడు సంగతి. ఇక్కడ మీకో అక్షరం చూపిస్తా: ఴ. మీ ఫోన్‌లో ఇది ఖాళీ డబ్బాలా కనిపిస్తే తప్పు మీది కాదు, ఫాంట్‌ది. క్రీ.శ. 6, 7 శతాబ్దాల నాటి తెలుగు శాసనాల్లో ఈ అక్షరం ఉంది. ఆ తర్వాత వాడుకలోంచి పోయింది. కంప్యూటర్లు, ఫోన్లలోని అక్షరాలన్నిటికీ నంబర్లిచ్చే యూనికోడ్ 2014లో దీన్ని తెలుగు పట్టికలో చేర్చింది.

నాలుకను వెనక్కి మడిచి పలికే ఈ శబ్దం తమిళం, మలయాళాల్లో ఇప్పటికీ బతికే ఉంది. వాళ్ల ఏడు నిజానికి 'ఏఴు'. మనకు ఆ అక్షరం లేదు కాబట్టి 'ఏళు' అని రాసుకుంటాం. కన్నడంలో ఆ శబ్దం 'ళ'గా మారింది. తెలుగులో చాలా మాటల్లో 'డ' అయింది. వాళ్ల కోఴి మన కోడి. వాళ్ల ఏఴు మన ఏడు.

నెల్లూరు వాళ్లకు దగ్గరి ఉదాహరణ ఇంకోటుంది. తమిళంలో 'చోఴ' అన్న మాట తెలుగులో 'చోడ' అయింది. 13వ శతాబ్దంలో నెల్లూరును ఏలిన మనుమసిద్ధి తెలుగు చోడుల వంశం వాడు. మహాభారతాన్ని తెలుగు చేసిన తిక్కన ఆయన దగ్గరే మంత్రి. రాజుగారి వంశం పేరును మార్చిన శబ్దమార్పే మన ఏడుకూ జరిగింది.

70 అంకెలోనూ ఇదే దాక్కుని ఉంది. తమిళంలో 'ఎఴుపదు' అంటే ఏడు పదులని వినగానే తెలిసిపోతుంది. మన 'డెబ్బది' లేదా 'డెబ్భై'లో ఏడు ఎక్కడుంది? మొదట్లోనే ఉంది. ఏడులోని 'డ' ముందుకు దూకి 'డె' అయింది. ఇలాంటి లెక్కలు తేల్చిన పెద్ద పండితుల్లో ఒకరు భద్రిరాజు కృష్ణమూర్తి. 1928లో మన పక్కనే ఒంగోలులో పుట్టారు. 2003లో వచ్చిన ఆయన ద్రావిడ భాషల గ్రంథాన్ని ఈ విషయం మీద పనిచేసే వాళ్లంతా తిరగేస్తారు.

ఇప్పుడు జోకు దగ్గరికి వద్దాం. తమిళంలో ఏడవడం 'అఴు', అంకె 'ఏఴు'. మొదటి అచ్చులే వేరు, అందుకే అవి ఒకదాంతో ఒకటి ఢీకొనవు. తెలుగులో 'ఏడ్చు', 'ఏడు' పక్కపక్కకొచ్చి నిలబడ్డాయి. అంతే, జోకు పుట్టింది.

పక్కింట్లో ఏడు ఏం చేస్తోంది?

కన్నడంలో 'ఏళు' అంటే ఏడు. అదే మాటకు 'లే' అని కూడా అర్థం. నిద్రపోయేవాణ్ణి లేపాలన్నా అదే మాట. అంటే ఒకే అంకె బెంగళూరులో లేవమంటుంది, చిల్లకూరులో ఏడవమంటుంది. సోమవారం పొద్దున ఆఫీసుకు రెడీ అయ్యేవాళ్లకు రెండూ కరెక్టే అనిపించొచ్చు.

తమిళంలో 'ఏఴరై' అంటే ఏడున్నర. "ఏఴరై వచ్చింది" అంటే కష్టం వచ్చిందని. ఇది శని నుంచి వచ్చింది. శని ఒక్కో రాశిలో దాదాపు రెండున్నరేళ్లు ఉంటాడు. మూడు రాశులకు కలిపి ఏడున్నరేళ్లు. హిందీ వాళ్ల 'సాడే సాతీ' కూడా ఇదే ఏడున్నర. మనం 'ఏలినాటి శని' అంటాం.

పర్షియన్‌లో ఏడు 'హఫ్త్'. ఏడు రోజులు కాబట్టి వారం 'హఫ్తా' అయింది. ఆ మాట ఉర్దూ, హిందీల్లోకి వచ్చి, వారం వారం గుంజే మామూలుకు కూడా పేరైంది. సినిమాల్లో రౌడీ అడిగే హఫ్తా వెనక ఉన్నది అమాయకమైన ఏడే! హంగేరియన్‌లో అయితే ఏడుకూ వారానికీ ఒకటే మాట. హీబ్రూలో ఏడుకూ, వారానికీ, ఒట్టు పెట్టుకోవడానికీ మూల అక్షరాలు ఒకటే.

ఒట్టు అంటే గుర్తొచ్చింది. మన పెళ్లిలో ఏడడుగులు నడిచేదీ మాట ఇవ్వడానికే కదా. తరాలు ఏడు, రంగులు ఏడు, స్వరాలు ఏడు. చిల్లకూరు పక్కనున్న గూడూరు మీదుగా తిరుపతి వెళ్లే నారాయణాద్రి ఎక్స్‌ప్రెస్ పేరు తిరుమల ఏడు కొండల్లో ఒకదానిది. ఏడుపుతో ప్రాస కలిసినంత మాత్రాన ఏడుకొండలవాడి పేరు పలకడానికి ఎవరూ జంకలేదు.

ఏడు చేపల్లో ఏడుపు

తీరప్రాంతంలో చేపలు ఎండబెట్టడం కళ్లముందు కనిపించే పని. అందుకే ఏడు చేపల కథ ఇక్కడి పిల్లలకు ఇంకా దగ్గరగా ఉంటుంది. రాజుగారి ఏడుగురు కొడుకులు ఏడు చేపలు తెస్తారు, ఒకటి ఎండదు. ఎందుకెండలేదని అడుగుతూ పోతే గడ్డిమేటు, ఆవు, దాన్ని మేపేవాడు, అన్నం పెట్టాల్సిన అవ్వ, చివరికి చీమ దాకా వెళ్తాం.

ఎక్కువమంది చెప్పుకునే కథలో చీమకు ముందు ఎవరున్నారో గుర్తుందా? ఏడుస్తున్న పిల్లాడు. ఏడుతో మొదలైన కథ ఏడుపు దాకా వచ్చి ఆగుతుంది. ఇంకో సంగతి, ఏడింటిలో ఎండినవి ఆరు. తెలుగులో ఆరడమంటే తడి పోవడమే కదా. ఆరు ఆరాయి, ఏడోది ఏడిపించింది! కథ కట్టినవాళ్లు ఇది కావాలని చేశారని నేననను. కానీ ఇంకో భాషలోకి మారిస్తే కథ వెళ్తుంది, ఈ సరదా మాత్రం ఇక్కడే మిగిలిపోతుంది.

మన వాళ్లు అంకెలతో ఆడుకోవడం ఇదొక్కటే కాదు. ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కొలతకు 'ఒకటి' అనకుండా 'లాభం' అని, తర్వాత 'రెండు' అనేవాళ్లు. ఇక ఏడుపునైతే అంకెల వెనకే దాచేశారు. "ఆరున్నొక్క రాగం అందుకుంది" అంటాం. ఆరూ ఒకటీ కలిపితే ఏడు. ఏడు అంటే ఏడుపు. ఎదుటివాడి ఏడుపును కూడికగా మార్చి నవ్వించిన నుడికారం ఇది.

ఫోనుకు అర్థమవుతుందా?

సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్న నాలాంటివాళ్లకు ఇక్కడే అసలు కష్టం కనిపిస్తుంది. "ఈ ఏడు ఏడు ఎకరాలు వేశా, ఏడుపే మిగిలింది" అని ఒక రైతు ఫోన్‌లో మాట్లాడాడనుకోండి. మాటల్ని రాతగా మార్చే ప్రోగ్రాం అంకెలన్నీ 7గా రాయాలి. ఏ ఏడును మార్చాలి? తెలివితక్కువ ప్రోగ్రాం అయితే "ఈ 7 7 ఎకరాలు" అని రాసిపెడుతుంది. అప్పు గురించి ఫోన్ వచ్చినప్పుడు "వచ్చే ఏడు కడతా" అన్న మాట వచ్చే 7వ తేదీ అయిపోతే? అది జోకు కాదు, రైతు మెడకు చుట్టుకునే విషయం.

మనిషి బుర్ర చేసే పనే యంత్రానికీ నేర్పాలి. పక్క మాటలు చూడాలి, విభక్తి చూడాలి. అందుకు కావాల్సింది మనం మాట్లాడే, రాసే మామూలు తెలుగు వాక్యాలు, బోలెడన్ని.

కానీ మనం ఏం చేస్తున్నాం? ఫోన్ నంబరు ఇంగ్లిష్‌లో, ఓటీపీ ఇంగ్లిష్‌లో, బస్సు టైము 'సెవెన్ థర్టీ'. గందరగోళం రాకూడదని మాట మార్చడం లోకంలో కొత్తేం కాదు. విమాన పైలట్లు రేడియోలో 'నైన్' అనకుండా 'నైనర్' అంటారు. జర్మన్లు ఫోన్‌లో రెండుకు 'త్స్వై' బదులు 'త్స్వో' అంటారు, మూడుతో కలిసిపోకుండా. జపాన్‌లో ఏడును 'షిచి' అంటే ఒకటికి వాడే 'ఇచి'లా వినిపిస్తుందని 'నానా' అంటారు. అయితే వాళ్లు తమ భాషలోనే ఇంకో దారి వెతుక్కున్నారు. మనం అంకెనే పక్కింటికి అప్పగించేస్తున్నాం.

అప్పగిస్తే ఏమవుతుందో చెప్పడానికి పాకిస్తాన్‌లోని బలూచిస్తాన్‌లో మాట్లాడే బ్రాహుయి ఉంది. అదీ మన ద్రావిడ కుటుంబం భాషే. అందులో సొంత అంకెలు మూడు దాకానే మిగిలాయి. నాలుగు నుంచి ఇరుగుపొరుగు ఇరానీ భాషల మాటలే. వాళ్ల ఏడు ఇప్పుడు 'హఫ్త్'. ఎవరూ మీటింగ్ పెట్టి నిర్ణయించింది కాదు అది. సంతలో, బేరంలో, రోజుకొక అంకె చొప్పున జారిపోయి ఉంటుంది.

'సెవెన్' అనడం నేరమేం కాదు. ఓటీపీ ముప్పై సెకన్లలో చెప్పాలంటే అందరం అదే అంటాం. కాకపోతే 'సెవెన్' ఏడవదు, సంవత్సరం కాలేదు, ఆరుతో కలిసి రాగం తీయలేదు. అది 7 మాత్రమే.

ఓ చిన్న పరీక్ష పెట్టి చూడండి. మీ ఇంట్లో పదేళ్ల తమ్ముడో చెల్లో, అక్క కూతురో ఉంటే, వాళ్లు మారాం చేస్తున్నప్పుడు "ఇంక ఆరున్నొక్క రాగం మొదలెట్టబాక" అనండి. వేళ్ల మీద లెక్కపెట్టుకుని, ఒక్క క్షణం ఆగి, ఉక్రోషంగా నవ్వితే ఏడు ఇంకా మనదే. "అంటే ఏంటి?" అని అడిగితే కూర్చోబెట్టి ఆరు తర్వాత ఎంతో అడగండి. తర్వాతి ప్రశ్న మీకెలాగూ తెలుసు.