ఐదవ ఫెర్మా సంఖ్య: ఉదాహరణకూ నిరూపణకూ మధ్య దూరం

ఉపోద్ఘాతం

ముప్పై రెండు రెండ్లను గుణించి, ఆ లబ్ధానికి ఒకటి కలిపితే 4294967297 వస్తుంది. అంటే 429 కోట్ల 49 లక్షల 67 వేల 297. పదంకెల ఈ సంఖ్య ఒక ప్రసిద్ధ గణిత ప్రతిపాదనను తప్పని తేల్చింది. దీని ధర్మాలను, వాటి నుంచి పరిశోధకులు గ్రహించదగిన అంశాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఫెర్మా ప్రతిపాదన

2ను వరుసగా 1, 2, 4, 8, 16 ఘాతాలకు పెంచి, ప్రతిదానికీ ఒకటి కలిపితే 3, 5, 17, 257, 65537 ఏర్పడతాయి. ఇవన్నీ ప్రధాన సంఖ్యలే. వీటిని సున్నా నుంచి లెక్కించడం సంప్రదాయం కనుక తరువాతి సంఖ్య 2³² + 1 ఐదవ ఫెర్మా సంఖ్య అవుతుంది. ఈ శ్రేణి అంతా ప్రధాన సంఖ్యలేనని ఫెర్మా 1640లో అభిప్రాయపడ్డాడు. నిరూపణ తనకు దొరకలేదని కూడా అంగీకరించాడు.

ఆయిలర్ ఖండన

1732లో ఆయిలర్ ఈ సంఖ్యను 641 × 6700417గా విభజించి చూపాడు. పూర్తి భాగహారం చేయకుండానే దీనిని సరిచూడవచ్చు. 641 = 5 × 2⁷ + 1 కనుక, 5 × 2⁷ను 641తో భాగిస్తే శేషం −1కి సమానం. నాలుగో ఘాతానికి పెంచితే 5⁴ × 2²⁸కి శేషం 1. మరోవైపు 641 = 5⁴ + 2⁴ కనుక, 5⁴ స్థానంలో −2⁴ను ఉంచవచ్చు. అప్పుడు −2³²కి శేషం 1 అవుతుంది. అంటే 2³² + 1ని 641 నిశ్శేషంగా భాగిస్తుంది.

641ని వెదకడం కూడా గుడ్డి ప్రయత్నం కానక్కరలేదు. ఈ సంఖ్యకు గల ప్రతి ప్రధాన భాజకమూ 64 గుణిజానికి ఒకటి కలిపిన రూపంలోనే ఉండాలి. అటువంటి ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641. ఐదవ ప్రయత్నంలోనే ఫలితం లభిస్తుంది.

పరీక్షకు లొంగని సంఖ్య

ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం, ఒక బేసి ప్రధాన సంఖ్య కంటే ఒకటి తక్కువైన ఘాతానికి 2ను పెంచి, ఆ ప్రధాన సంఖ్యతో భాగిస్తే శేషం 1 రావాలి. మన సంఖ్య విషయంలో 2³²కి శేషం −1, కనుక 2⁶⁴కి శేషం 1. పరీక్షలో వాడవలసిన ఘాతం 2³². అది 64కు గుణిజం. కాబట్టి ఇక్కడా శేషం 1 వస్తుంది. ప్రధానం కాని సంఖ్య ప్రధాన సంఖ్యలకు ఉద్దేశించిన పరీక్షలో నెగ్గింది. ఆధారం 2కు బదులు 3 తీసుకుంటే మాత్రం శేషం 1 రాదు. అసలు స్వభావం బయటపడుతుంది. సంఖ్య నిర్మాణంలోనూ పరీక్షలోనూ 2నే వాడటం వల్ల లోపం కనిపించలేదన్నమాట.

ముగింపు

ఐదవ సంఖ్య నుంచి ముప్పై రెండవ సంఖ్య వరకు ఫెర్మా సంఖ్యలన్నీ సంయుక్త సంఖ్యలేనని నేడు తెలుసు. అయినా మొదటి ఐదు తప్ప వేరే ఫెర్మా ప్రధానాలు లేవని ఇంతవరకు ఎవరూ నిరూపించలేదు. ఐదు ఉదాహరణలు నాడు నిరూపణ కాలేదు. ఈ ఇరవై ఎనిమిది ఉదాహరణలూ నేడు నిరూపణ కావు. దత్తాంశం ఎంపికకూ, దానిని పరీక్షించే పద్ధతికీ మూలం ఒకటే అయినప్పుడు పరిశోధకుడు మరింత జాగరూకతతో ఉండాలని ఈ సంఖ్య గుర్తుచేస్తుంది.