తోలు వస్తువులకు బూజు: ముసురు రోజుల్లో తీసుకోవలసిన జాగ్రత్తలు

ఏటా జూన్ ఆరంభంలో నైరుతి రుతుపవనాలు కేరళ తీరాన్ని తాకుతాయి. అప్పటి నుంచి ముంబయి, కొచ్చి వంటి తీర నగరాల ఇళ్లలో ఒక చిక్కు ఎదురవుతుంది. బీరువాలో భద్రపరచిన బూట్లు, బెల్టులు, చేతిసంచులపై తెల్లని లేదా పచ్చని పొర కనిపిస్తుంది. తూర్పు తీరంలోని విశాఖపట్నం, చెన్నైలలో సంవత్సరాంతపు వానల వరకు ఈ బెడద తప్పదు.

బూజు ఒక శిలీంధ్రం. కంటికి కనిపించని దాని బీజాలు గాలిలో ఎల్లప్పుడూ ఉంటాయి. తోలులోని మాంసకృత్తులు, నూనెలు, దానికి అంటిన చెమట, దుమ్ము వాటికి ఆహారం. బీజాలను గానీ ఆహారాన్ని గానీ పూర్తిగా తొలగించడం సాధ్యం కాదు. మన చేతిలో ఉన్నది తేమ ఒక్కటే. గాలిలో సాపేక్ష ఆర్ద్రత సుమారు 70 శాతం దాటి, గాలి కదలిక లేనిచోట బూజు త్వరగా పెరుగుతుంది.

అందుకే తోలు వస్తువును ప్లాస్టిక్ సంచిలో చుట్టి దాచడం మేలు కన్నా కీడే చేస్తుంది. లోపలి తేమ బయటికి పోయే దారి ఉండదు. తుడిచి, పూర్తిగా ఆరిన తరువాత నూలు సంచిలో ఉంచాలి. బీరువాను చెమ్మ గోడకు ఆనించరాదు. పొడి రోజుల్లో దాని తలుపులు కొంతసేపు తెరిచి ఉంచాలి. సిలికా జెల్ పొట్లాలు మూత బిగిసిన పెట్టెలోనే పనిచేస్తాయి. తేమతో నిండిన తరువాత వాటిని మార్చాలి. నాఫ్తలీన్ ఉండలు పురుగులను దూరంగా ఉంచుతాయే గాని తేమను పీల్చవు.

బూజు పట్టిన వస్తువును ముందుగా ఆరుబయటికి తీసుకువెళ్లాలి. బీజాలు శ్వాసతో లోపలికి పోకుండా మాస్కు ధరించాలి. ఉబ్బసం ఉన్నవారు ఈ పనికి దూరంగా ఉండాలి. మెత్తని బ్రష్‌తో పొరను దులిపి, సర్జికల్ స్పిరిట్, నీరు సమపాళ్లలో కలిపి, అందులో తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడవాలి. రంగు పోతుందేమో కనిపించని మూలన ముందే పరీక్షించాలి. స్పిరిట్‌ను నిప్పుకు దూరంగా ఉంచాలి. నూగు తోలుకు పొడి బ్రష్ మాత్రమే వాడాలి. ఆ తరువాత నీడలో, ఫ్యాను గాలికి ఆరబెట్టాలి. ఎండ వేడికి తోలు బిరుసెక్కి పగులుతుంది. ఆరకముందే పాలిష్ పూస్తే తేమ లోపలే నిలిచి, బూజు మళ్లీ వస్తుంది.

తోలుబొమ్మలకు మాత్రం ఈ స్పిరిట్ పద్ధతి వర్తించదు. శ్రీ సత్యసాయి జిల్లా నిమ్మలకుంట కళాకారులు మేకతోలును పలుచగా, కాంతి ప్రసరించేలా సిద్ధం చేసి బొమ్మలు గీస్తారు. బూట్ల తోలులా అది పదును పెట్టిన తోలు కాదు. తడి తగిలితే ముడుచుకుంటుంది, రంగులు చెదురుతాయి. ఒకసారి చెరిగిన బొమ్మను యథాతథంగా తిరిగి తేవడం కష్టం. ఇంట్లో అలాంటి బొమ్మ ఉన్నవారు దానిని చెమ్మ గోడకు తగిలించకుండా, వానాకాలంలో వారానికొకసారి వెనుకవైపు పరిశీలించడం మంచిది.