సరస్సు ఒడ్డున వేసవి శిబిరం

పిల్లలూ! జూన్ నెలలో బడులు మూసివేయగానే ఈ అమెరికా దేశంలో ఎందరో పిల్లలు పెట్టె సర్దుకొని వేసవి శిబిరాలకు బయలుదేరుతారు. కొన్ని శిబిరాలకు ఉదయం వెళ్ళి సాయంత్రం ఇంటికి రావచ్చు. కొన్నింటిలో రాత్రులు కూడా అక్కడే ఉండాలి. ఒక వారం ఉండేవారు ఉన్నారు, ఏడు వారాలు ఉండేవారూ ఉన్నారు. అమ్మ ఉండదు, నాన్న ఉండడు, టెలివిజన్ ఉండదు. చాలా చోట్ల ఫోను కూడా దగ్గర ఉంచుకోనివ్వరు. మరి అక్కడ పిల్లలు ఏం చేస్తారు? మెయిన్, న్యూహాంప్‌షైర్ రాష్ట్రాలలో సరస్సుల ఒడ్డున బాలికల కోసమే నడిచే శిబిరాలు చాలా ఉన్నాయి. అలాంటి ఒక శిబిరానికి ఈ పాఠంలో వెళ్ళి వద్దాం.

ముందు కొంచెం పాత కథ. 1861లో కనెటికట్ రాష్ట్రంలో ఫ్రెడరిక్ గన్ అనే పంతులుగారు తన విద్యార్థులను సముద్రతీరానికి నడిపించుకొని వెళ్ళి డేరాలు వేయించారు. ఈ దేశంలో వేసవి శిబిరాలకు అదే నాంది అని చెబుతారు. ఆ తరువాత చాలా కాలం శిబిరాలు ఎక్కువగా మగపిల్లలవే. ఆడపిల్లలు అడవిలో పడుకోవడమేమిటి, పడవలు నడపడమేమిటి అని పెద్దలు ముక్కున వేలేసుకొనే రోజులవి. 1902లో లారా మట్టూన్ అనే ఉపాధ్యాయురాలు న్యూహాంప్‌షైర్‌లో బాలికలకు శిబిరం ప్రారంభించింది. 1907లో లూథర్ గ్యూలిక్, ఛార్లెట్ గ్యూలిక్ దంపతులు మెయిన్ రాష్ట్రంలోని సెబాగో సరస్సు ఒడ్డున మరొకటి పెట్టారు. దాని పేరు వోహీలో. పని, ఆరోగ్యం, ప్రేమ అనే అర్థం గల మూడు ఇంగ్లీషు మాటల మొదటి రెండేసి అక్షరాలను కలిపి ఆ పేరు కట్టారు. మీరు బడిలో బాస్కెట్‌బాల్ ఆడతారు కదా! చలికాలంలో గది లోపల ఆడుకోవడానికి ఒక ఆట కనిపెట్టమని 1891లో జేమ్స్ నైస్మిత్‌కు పని పురమాయించినది ఈ లూథర్ గ్యూలిక్ గారే.

ఇక శిబిరంలోకి వద్దాం. పైన్ చెట్ల మధ్య చిన్న చిన్న కొయ్య ఇళ్ళు ఉంటాయి. వాటిని క్యాబిన్‌లు అంటారు. ఒక్కొక్క దానిలో కొందరు బాలికలు, వారితోపాటు ఒకరిద్దరు కౌన్సిలర్లు ఉంటారు. కౌన్సిలర్ అంటే పెద్దక్క వంటిది. తరచుగా కాలేజీలో చదువుకొనే అమ్మాయే. మంచాలు ఒకదానిపై ఒకటి ఉంటాయి. పై మంచం కోసం మొదటి రోజు పోటీ తప్పదు.

ఉదయం గంట మోగుతుంది. లేవడం, ముఖం కడుక్కోవడం, ఫలహారం, ఆపైన ఎవరి పక్క వారు సర్దుకోవడం. తుడిచే పని ఒకరిది, భోజనాల బల్ల సర్దే పని మరొకరిది. ఎవరికి ఏ పనో ఒక పట్టికలో రాసి గోడకు తగిలిస్తారు. రోజూ పని మారుతుంది. మీరు శాకాహారులైతే ఆ సంగతి ఇంటి దగ్గర నింపే కాగితంలోనే రాయించండి. వంటవారు ముందుగా ఏర్పాటు చేస్తారు. అక్కడికి వెళ్ళాక చెబుదాంలే అనుకుంటే మొదటి రెండు రోజులు రొట్టె, వెన్నలతోనే గడపాల్సి రావచ్చు.

పగలంతా విల్లువిద్య, చేతిపనులు, నాటకాలు, ఆటలు ఉంటాయి. అయితే సరస్సు ఒడ్డున శిబిరానికి ప్రాణం నీరే. నీటి దగ్గర నియమాలు కూడా గట్టివి. మొదటి రోజునే ఈత పరీక్ష పెడతారు. ఎవరికి ఎంత ఈత వచ్చో చూసి, ఎంత లోతు వరకు వెళ్ళవచ్చో నిర్ణయిస్తారు. ఆ తరువాత ప్రతి పిల్లకూ ఒక తోడును ఇస్తారు. తోడు లేకుండా నీటిలో కాలు పెట్టకూడదు. ఒడ్డున ఒక బల్ల ఉంటుంది. దాని మీద ఇద్దరూ తమ పేర్లున్న బిళ్ళలను ఒకే కొక్కేనికి తగిలించి నీటిలో దిగుతారు. కొంతసేపటికొకసారి పెద్ద ఈల మోగుతుంది. వెంటనే జోడీలన్నీ చెయ్యీ చెయ్యీ పట్టుకొని పైకెత్తాలి. కాపలావారు లెక్కపెడతారు. ఆ లెక్క, బల్లమీది బిళ్ళల లెక్క సరిపోవాలి.

ఇంత తతంగం ఎందుకని మీరు అడగవచ్చు. నీటిలో మునిగిపోయేవారు సినిమాలలో వలె కేకలు పెట్టరు. ఊపిరి పీల్చుకోవడానికే నోరు చాలదు, అరవడం ఎక్కడ? చప్పుడు లేకుండా కొద్దిసేపట్లోనే మునిగిపోతారు. ఎందరో ఆడుకొంటున్న చోట ఒక తల కనబడకపోతే దూరాన ఉన్నవారికి తెలియడం కష్టం. పక్కనున్న తోడుకు వెంటనే తెలుస్తుంది. అందుకే, పైకి వచ్చేటప్పుడు బిళ్ళ తీయడం మరచిపోయిన పిల్లకు గట్టి చీవాట్లు పడతాయి. ఆమె క్యాబిన్‌లో హాయిగా జడ వేసుకొంటూ ఉంటుంది. ఇక్కడ అందరినీ నీటిలోంచి బయటకు రప్పించి, పెద్దలు చేతులు కలిపి వరుసగా నీటిలో వెదకుతూ ఉంటారు.

కనూ అనే సన్నని పడవకు కూడా సాధారణంగా ఇద్దరు కావాలి. ముందు కూర్చున్నామె తెడ్డు వేసే లయను నిర్ణయిస్తుంది. వెనుక కూర్చున్నామె దారి మళ్ళిస్తుంది. వెనుకనుంచి కుడివైపున తెడ్డు వేస్తే పడవ ముక్కు ఎడమకు తిరుగుతుంది. మరి తిన్నగా పోవాలంటే? తెడ్డు వెనక్కి లాగిన తరువాత చివరలో దాన్ని కొద్దిగా తిప్పి నీటిని పడవకు దూరంగా నెట్టాలి. ఈ కిటుకు చేతికి వచ్చేదాకా పడవ చెరువు మధ్య గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది! లైఫ్ జాకెట్ తొడిగి, కావాలనే పడవను బోల్తా కొట్టించే పాఠం కూడా ఉంది. బోల్తాపడిన కనూ సాధారణంగా తేలుతూనే ఉంటుంది. దాన్ని వదలి ఒడ్డుకు ఈదబోకుండా, పట్టుకొని ఉండడమే ఆ పాఠం.

ఈ కనూ శిబిరాలవారు కనిపెట్టినది కాదు. ఈ ప్రాంతపు ఆదివాసులైన పెనోబ్‌స్కాట్, అబెనాకి ప్రజలు బర్చ్ చెట్టు పట్టతో కనూలు కట్టేవారు. పాత శిబిరాలు చాలావరకు ఆ ప్రజల మాటలను, వేషాలను అడగకుండానే వాడుకొన్నాయి. తెలిసీ తెలియక తప్పుగా వాడినవే ఎక్కువ. ఈ మధ్య కొన్ని శిబిరాలు ఆ పేర్లను మార్చుకొంటున్నాయి. మార్చుకోవలసిందే.

బర్చ్ అంటే మన భూర్జ వృక్షమే. హిమాలయాలలో పెరిగే భూర్జం పట్టమీద పూర్వం మనవాళ్ళు గ్రంథాలు రాసేవారు. ఈ పట్టలో నూనె ఉంటుంది కాబట్టి కొంచెం తడిగా ఉన్నా అంటుకొంటుంది. నేల రాలిన పట్టనే తీయాలి. నిలిచి ఉన్న చెట్టునుంచి ఒలిస్తే చెట్టుకు గాయమవుతుంది. రాత్రి నెగడు వేసేటప్పుడు ముందు ఈ పట్ట, పైన అగ్గిపుల్లలంత సన్నని చితుకులు, ఆపైన బొటనవేలంత పుల్లలు, చివరకు కట్టెలు. మధ్యలో గాలి ఆడాలి. పక్కన బకెట్టుతో నీళ్ళు తప్పనిసరి. నెగడు చుట్టూ పాటలు, కథలు, మార్ష్‌మెలోలు కాల్చుకొని తినడాలు మీకు తెలిసినవే.

ఇప్పుడు ఒక కష్టమైన సంగతి. బెంగ. మధ్యాహ్నం భోజనం తరువాత ఒక గంట ఎవరి మంచం మీద వారు ఉండాలి. రాత్రి దీపాలు ఆర్పాక మళ్ళీ చీకటి, నిశ్శబ్దం. అమ్మ గుర్తుకు వచ్చేది ఈ రెండు వేళల్లోనే. పగలు తెడ్డు వేస్తున్నప్పుడు రాని ఏడుపు అప్పుడు వస్తుంది. ఇది పిరికితనం కాదు, జబ్బూ కాదు. చాలామందికి వస్తుంది. పై మంచం మీది పిల్లకు కూడా వచ్చి ఉంటుంది, దుప్పటి కప్పుకొంది కనుక మీకు కనబడలేదు. కౌన్సిలర్‌కు చెప్పడానికి సిగ్గుపడకండి. ఆమె మీ చేతికి ఏదో పని ఇస్తుంది, లేదా మీ తోడును పిలుస్తుంది. చాలామందికి కొద్ది రోజులలో బెంగ తగ్గుతుంది. "ఏడిస్తే వచ్చి తీసుకుపోతాం" అని ముందే మాట ఇవ్వవద్దని శిబిరాలవారు తల్లిదండ్రులకు చెబుతారు. ఆ మాట విన్న పిల్ల ఆటలు మాని, దారి వైపే చూస్తూ కూర్చుంటుంది మరి! కాని ఎవరైనా మిమ్మల్ని బాధపెట్టినా, భయపెట్టినా అది బెంగ కాదు. ఆ సంగతి నమ్మిన పెద్దలకు వెంటనే చెప్పాలి.

ఆ విశ్రాంతి గంటలోనే ఇంటికి ఉత్తరాలు రాస్తారు. కొన్ని శిబిరాలలో వారానికి ఇన్ని ఉత్తరాలు రాయాలని నియమం ఉంది. మీకు ఒక సౌకర్యం ఉంది చూశారా? మీరు తెలుగులో రాస్తే ఆ క్యాబిన్‌లో తొంగి చూసినవారికి బహుశా ఒక్క ముక్క అర్థం కాదు. అమ్మానాన్నలకు ఒకటి రాశాక, గుంటూరులోనో వరంగల్లులోనో ఉన్న అమ్మమ్మకు ఒకటి రాయండి. "బాగున్నాను, మీరు బాగున్నారా" అని రెండు ముక్కలతో సరిపెట్టకండి. మీ తోడు పేరేమిటో, ఆమె గురక పెడుతుందో లేదో రాయండి. పడవ ఎన్నిసార్లు గుండ్రంగా తిరిగిందో రాయండి.

ఈ సరస్సులలో లూన్ అనే పక్షి ఉంటుంది. నలుపు తెలుపు చుక్కల వీపు, ఎర్రని కళ్ళు. రాత్రివేళ అది దూరంనుంచి సాగదీసి కూస్తే, మొదటిసారి విన్నవారు తోడేలు అనుకొని ఉలిక్కిపడతారు. అమ్మమ్మ ఆ కూత ఎన్నడూ విని ఉండదు. దాన్ని తెలుగు అక్షరాలలో ఎలా రాస్తారో ఒకసారి ప్రయత్నించి చూడండి. మన దీర్ఘాలు అక్కడ బాగా పనికివస్తాయి.