ఆ 22 మార్కుల అమ్మాయి

ఇరవయ్యారేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. ఏటా ఏడో తరగతిలో ఒకటే తప్పు. 1/2కి 1/3 కలిపితే 2/5 అని రాస్తారు పిల్లలు. పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కూడేస్తారు. దిద్దుతాను, వారం తిరిగేసరికి మళ్లీ అదే. అది నాకు పెద్ద బాధ కాదు. దిద్దిన నోట్సు తీసుకుంటూ ఆడపిల్లలు తల దించుకుని అనే మాట ఉందే, "నాకు లెక్కలు రావు టీచర్" అని, అదే బాధ. పన్నెండేళ్లకే తన మీద తాను తీర్పు రాసేసుకుంటుంది పిల్ల.

డాలస్‌లో ఉంటున్న మా మేనకోడలు 2019లో సెలవులకొచ్చినప్పుడు ఒక పుస్తకం చేతిలో పెట్టింది. "అత్తా, ఇది లెక్కల పుస్తకమే. రాసింది మాత్రం టీవీ నటి" అంది. అట్ట మీద ఆ నటి నవ్వుతున్న ఫొటో. చూడగానే సినిమా పత్రిక అనుకున్నాను. పేరు 'మ్యాథ్ డజంట్ సక్'. లెక్కలు అంత చెడ్డవేం కాదని పిల్లల భాషలో చెప్పడమన్నమాట. రచయిత్రి డానికా మెకెల్లార్.

మన దగ్గర ఈ పేరు తెలిసినవాళ్లు తక్కువ. అమెరికాలో ఒక తరానికి మాత్రం ఆమె విన్నీ కూపర్. 'ది వండర్ ఇయర్స్' అనే సీరియల్ 1988 జనవరి 31న మొదలైంది. అప్పటికి డానికాకు పదమూడేళ్లు నిండి నెల కూడా కాలేదు. 1968 నాటి ఒక అమెరికన్ శివారు కాలనీ, అక్కడ పెరుగుతున్న కెవిన్ అనే కుర్రాడు, ఎదురింటి విన్నీ. మొదటి ఎపిసోడ్‌లోనే విన్నీ అన్న వియత్నాం యుద్ధంలో చనిపోతాడు. ఆ పాత్ర కోసం డానికాతో ఆఖరి దాకా పోటీ పడింది ఆమె సొంత చెల్లెలు క్రిస్టల్. అక్కకు ఆ పాత్ర దక్కింది, చెల్లెలికి అదే సీరియల్లో బెకీ అనే మరో పాత్ర ఇచ్చారు. ఆ చెల్లెలు తర్వాత హార్వర్డ్‌లో లా చదివింది. ఆరు సీజన్లు, 115 ఎపిసోడ్లు నడిచి 1993లో సీరియల్ ముగిసింది.

పద్దెనిమిదేళ్లకు అంత పేరు వచ్చిన అమ్మాయి మళ్లీ క్లాసురూములో కూర్చోవడం తేలికేమీ కాదు. ఎక్కడికి వెళ్లినా విన్నీ అనే పిలుపే. లాస్ ఏంజలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేరాక జరిగిన ఒక సంగతి ఆమె చాలా చోట్ల చెప్పింది. కాల్క్యులస్ పరీక్షలో తప్పుతానేమోనని భయపడింది. తీరా చూస్తే తనకు వచ్చిన 22 మార్కులే క్లాసు మొత్తంలో ఎక్కువ. తర్వాత ఒకబ్బాయి పలకరించబోతే, టీవీలో వచ్చే అమ్మాయివి నువ్వే కదా అని అడుగుతాడనుకుంది. 22 మార్కులు వచ్చింది నీకే కదా అని అడిగాడతను. ముఖానికి కాక బుర్రకు గుర్తింపు రావడం ఆమెకు అదే మొదలు. ఈ ఉదంతం మా పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

1998లో అత్యున్నత శ్రేణిలో గణిత పట్టా తీసుకుంది. అంతకంటే పెద్ద విషయం, అదే ఏడు ఒక భౌతికశాస్త్ర పత్రికలో ఆమె పేరుతో పరిశోధన పత్రం అచ్చయింది. ఆచార్యుడు లింకన్ చేయస్, తోటి విద్యార్థిని బ్రాండీ విన్, డానికా కలిసి రుజువు చేసిన ఆ సిద్ధాంతానికి ముగ్గురి పేర్లూ కలిపి చేయస్-మెకెల్లార్-విన్ సిద్ధాంతం అని పేరు.

అదేమిటో నాకు చేతనైనట్టు చెబుతాను. అయస్కాంతాన్ని బాగా కాలిస్తే దాని శక్తి పోతుంది. చల్లగా ఉన్నప్పుడు లోపలి అణువులు పక్కవాటిని చూసి ఒకే దిక్కుకు తిరుగుతాయి, వేడెక్కితే చెదిరిపోతాయి. దీన్ని ముగ్గు చుక్కల్లాంటి ఒక గడుల చట్రం మీద లెక్కకట్టి చూస్తారు. ఒక్కో చుక్క తన పక్క చుక్కల మాట వింటుంది. ఒకేలా తిరిగిన చుక్కలు ఒకదానికొకటి తగులుతూ అంతులేని గొలుసుగా సాగుతాయా, మధ్యలో తెగిపోతాయా? ఫిల్టరులో కాఫీపొడి సందుల్లోంచి నీళ్లు కిందికి దారి చేసుకోవడం లాంటిదే ఇది. ఆష్కిన్-టెల్లర్ నమూనా అనే ఒక రకం చట్రంలో ఆ గొలుసు సాగడానికీ, పదార్థానికి ఒకటికి మించి నిలకడ స్థితులు ఉండడానికీ ఉన్న సంబంధాన్ని ఈ ముగ్గురూ నిరూపించారు. నటి ఏదో సరదాకి లెక్కల పుస్తకం రాసిందనుకునేవాళ్లు ముందు ఈ పత్రం సంగతి తెలుసుకోవాలి.

2000లో గణితంలో ఆడవాళ్ల గురించి మాట్లాడడానికి అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం ముందుకు వెళ్లింది. నటన మానలేదు, 'ది వెస్ట్ వింగ్'లో కూడా కనిపించింది. 2007లో మొదటి పుస్తకం వచ్చింది, బాగా అమ్ముడుపోయింది. బీజగణితానికి ముందు మెట్టుగా 2008లో ఒకటి, బీజగణితానికి 2010లో, రేఖాగణితానికి 2012లో ఒక్కోటి రాసింది.

నేను పెన్సిల్ పట్టుకుని చదివింది మొదటిదే. లవము, హారము ఒకటే ఉన్న భిన్నాలకు (2/2, 3/3 లాంటివి) 'కాపీక్యాట్' అని పేరు పెట్టింది. దేన్ని గుణించినా విలువ మార్చని ఆ భిన్నం, పిల్లకు ఆ ఒక్క పేరుతో గుర్తుండిపోతుంది. క.సా.గు., గ.సా.భా. కోసం మనం చేసే భాగహార పద్ధతినే పుట్టినరోజు కేకు అంటుంది. అంకెలు పొరలు పొరలుగా పేరుతాయి కదా, కేకు బొమ్మ గీసి చూపిస్తుంది. ఇరవై ఏళ్లు బోర్డు మీద అదే గీత గీసిన నాకు ఒక్కసారీ ఆ బొమ్మ తట్టలేదు. మధ్యమధ్యలో తాను ఏడో తరగతిలో లెక్కలకు ఎలా వణికిందో, మంచి టీచరు దొరికాక ఎలా మారిందో దాచకుండా చెబుతుంది. నా దృష్టిలో పుస్తకానికి ప్రాణం అదే.

నచ్చనిదీ చెప్పాలి. లిప్‌స్టిక్కులు, షాపింగు, గోళ్లు, నచ్చిన అబ్బాయి... ఆడపిల్లంటే ఇవేనా అని అమెరికాలోనే కొందరు అడిగారు. నాకూ అక్కడక్కడా అలాగే అనిపించింది. మా బడి పిల్లల్లో చాలామంది పొద్దున్నే నీళ్లు పట్టి, తమ్ముణ్ణి అంగన్‌వాడీలో దింపి వస్తారు. వాళ్ల లోకం వేరు. కానీ లెక్కలకు దూరంగా పారిపోతున్న పిల్ల దగ్గరికి ఆ పిల్లకు ఇష్టమైన దారినే వెళ్లాలనుకుంది డానికా. ఆ పట్టుదల ముందు నా అభ్యంతరం చిన్నది. 2017లో వచ్చిన 'గుడ్‌నైట్ నంబర్స్' నిద్రపోయే వేళ పసిపిల్లలకు చదివి వినిపించే అంకెల పుస్తకం. అందులో ఆడా మగా తేడా లేదు.

తల్లిదండ్రులకు ఒక మాట. మీ పిల్ల 1/2, 1/3 కలిపి 2/5 అని రాస్తే "మన ఇంటావంటా లెక్కలు లేవులే" అనకండి. ఒక చపాతీ తీసుకోండి. సగం తిన్నాక ఇంకో ముక్క కూడా తింటే, మొత్తం తిన్నది సగం కంటే తగ్గుతుందా అని అడగండి. 2/5 సగం కంటే తక్కువని ఆ పిల్లే చెబుతుంది. చెప్పేదాకా పక్కనే కూర్చోండి.