శరీరాన్ని కట్టి ఉంచే కణజాలం

మట్టిగోడ నెర్రెలు బారకుండా పట్టి ఉంచేది అందులో కలిపిన గడ్డి. మన శరీర భాగాలను అలా కలిపి ఉంచేదే సంయోజక కణజాలం.

ఇందులో పలు రకాలున్నాయి. ఎముకను ఎముకతో పలుపుతాడులా కట్టేవి బంధకాలు. కండను ఎముకకు కట్టేవి స్నాయువులు. చెవిడొప్పలోనిది మృదులాస్థి. చర్మం కింది కొవ్వు, ఎముక, చివరకు పారే రక్తం కూడా ఈ కుటుంబానివే.

ఎముకలో మాంసకృత్తుల పీచుల మధ్య కాల్షియం, భాస్వరం లవణాలు చేరి గట్టిదనం వస్తుంది. శరీరంలోని కాల్షియంలో 99 శాతం ఎముకలు, పళ్ళలోనే ఉంటుంది.

మన చందర్లపాడుకు ఈ సంగతి ఎందుకంటే, జగ్గయ్యపేట దాటితే వచ్చే పూర్వపు నల్లగొండ జిల్లాలో నీటిలోని ఫ్లోరైడు ఎందరి ఎముకలనో వంకర చేసింది, బంధకాలను బిగుసుకుపోయేలా చేసింది. అక్కడ పిల్లల మోకాళ్ళు వంకరపోవడాన్ని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు 1973లో ప్రకటించారు. ఆహారంలో కాల్షియం తక్కువైతే ఈ హాని ఎక్కువ. నీళ్ళు కాచినా ఫ్లోరైడు పోదు.

కనుక మేము కోరేది రెండే. తాగే బోరు నీటిని పరీక్ష చేయించండి. పాలన్నీ కేంద్రానికి పోయక, పిల్లలకు కావలసినవి ముందుగా ఇంట్లో ఉంచుకోండి.