సముద్ర స్నానానికి తిథి, వేళ

బంగాళాఖాతపు తీరంలో ఒక పగలు గడిపి రాదలచినవారు రైలు వేళలతో పాటు ఆటుపోట్ల వేళలనూ తెలుసుకోవడం అవసరం. చంద్ర సూర్యుల ఆకర్షణ వల్ల సముద్రమట్టం పెరగడాన్ని పోటు అనీ, తగ్గడాన్ని ఆటు అనీ అంటారు. ఆంధ్ర తీరంలో ఇవి రోజుకు సాధారణంగా రెండేసి సార్లు సంభవిస్తాయి. ఒక పోటుకూ మరుసటి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాల వ్యవధి ఉండటం చేత, పోటు వేళ ప్రతి దినమూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది.

ఈ హెచ్చుతగ్గుల పరిమాణం తిథిని బట్టి మారుతుంది. అమావాస్య, పౌర్ణమి నాడు సూర్యుడు, చంద్రుడు, భూమి దాదాపు ఒకే వరుసలోకి వచ్చి ఆకర్షణలు కలవడం వల్ల, ఆ తిథులలోనూ తర్వాతి ఒకటి రెండు రోజులలోనూ ఆటుకూ పోటుకూ మధ్య తేడా విశాఖపట్నం వద్ద సుమారు మీటరున్నరకు చేరుతుంది. అష్టమి ప్రాంతంలో అది అందులో సగానికన్నా తక్కువగా ఉంటుంది. కార్తిక పౌర్ణమికి సూర్యలంక వంటి తీరాలలో జనం సముద్ర స్నానాలకు చేరే సమయం, ఆటుపోట్లు అధికంగా ఉండే తిథి కావడమే గాక, బంగాళాఖాతంలో తుపానుల కాలం కూడా.

అయితే స్నానానికి దిగినవారికి ప్రధాన ప్రమాదం రిప్ కరెంట్. అలలు ఒడ్డుకు చేర్చిన నీరు, అడుగున ఉన్న ఇసుక మేటల నడుమ సందుల గుండా ఇరుకైన ప్రవాహమై సముద్రంలోకి మళ్లడాన్ని ఆ పేరుతో వ్యవహరిస్తారు. నీటిమట్టం తగ్గినప్పుడు ప్రవాహం ఆ సందులకే పరిమితం కావడం వల్ల ఇది తరచుగా బలపడుతుంది. అక్కడ లోతు ఎక్కువై అలలు తక్కువగా విరగడం వల్ల ఆ చోటు ప్రశాంతంగా కనిపించి, కొత్తవారిని ఆకర్షిస్తుంది. ఈ ప్రవాహం మనిషిని అడుగుకు లాగదు, లోపలికి మోసుకుపోతుంది. కనుక దానికి ఎదురీది అలసిపోక, తేలుతూ, సహాయానికి చేయి ఊపుతూ, శక్తి ఉంటే ఒడ్డుకు సమాంతరంగా ఈది, అలలు విరిగే చోటి నుండి వెలికి రావాలి.

ఎండ విషయంలోనూ ఇటువంటి భ్రమే ఏర్పడుతుంది. పగలు నేల నీటికన్నా త్వరగా వేడెక్కగా, పైకి లేచిన వేడి గాలి స్థానంలోకి వీచే సముద్రపు గాలి శరీరాన్ని చల్లబరుస్తుంది గాని, మధ్యాహ్నానికి తీవ్రమయ్యే అతినీలలోహిత కిరణాలను ఆపదు.

దూరపు తుపానుల వల్ల పుట్టిన దీర్ఘమైన అలలు స్థానికంగా గాలి లేని రోజున సైతం ఉవ్వెత్తున రావచ్చు కాబట్టి, హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం, అనగా ఇన్‌కాయిస్, ప్రకటించే అలల హెచ్చరికలను బయలుదేరే ముందు చూసుకోవాలి. హెచ్చరిక లేని రోజున, ఉదయపు వేళలో, జీవరక్షకులు కాపలా ఉండే హద్దుల లోపల స్నానం ముగించుకొని, ఎండ ముదిరేలోగా నీడకు చేరడం ఉత్తమం.